అప్‌డేట్: నాన్న పాత కెమెరాలో తొలి రీలు కడిగించాను

బీరువాలో దొరికిన నాన్న పెంటాక్స్ కె1000 ఇంకా పని చేస్తుందా, ఈ రోజుల్లో ఫిల్మ్ మీద డబ్బు తగలెయ్యడం అవసరమా అని మూడు నెలల కిందట ఇక్కడ అడిగాను కదా. పని చేసింది! మీరన్నట్టే బ్యాటరీ లైట్ మీటర్‌కి (వెలుతురు ఎంతుందో కొలిచేది) మాత్రమే, షట్టర్‌కి అక్కర్లేదు. మీటర్ ఎలాగూ చచ్చిపోయింది కాబట్టి మంచి ఎండలో లెన్సు రంధ్రం ఎఫ్/16, 200 ఐఎస్ఓ (వెలుతురుకి ఫిల్మ్ ఎంత సున్నితమో చెప్పే అంకె) ఫిల్మ్‌కి షట్టర్ 1/250 సెకను అనే లెక్కతోనే లాగించేశాను.

36 ఫొటోల్లో 27 వచ్చాయి. కొన్నిటి మీద ఎర్రటి చారలు. వెనక తలుపు అంచున ఉండే ఫోమ్ సీలు పొడైపోయి వెలుతురు లోపలికి దూరిందట. ల్యాబ్‌కి పంపాక పది రోజులు ఎదురుచూపు, ఆ టెన్షనే వేరు.

ఫొటో తీద్దామని ఫోన్ ఎత్తితే మొహం తిప్పేసుకునే అమ్మ, ఈ కెమెరా ముందు మాత్రం కొంగు సర్దుకుని ఊపిరి బిగబట్టి నిలబడింది. "ఒక్కటే తియ్యి, రీలు వేస్ట్ చెయ్యకు" అని పక్కనుంచి నాన్న గొణుగుడు. ఆ ఫొటోలో ఫోకస్ కాస్త తప్పింది. అయినా ప్రింట్ వేయించింది దాన్నే.

డబ్బు సంగతంటారా? రెండో రీలు కొనేశాను. సీళ్లు మార్పించాక ఎక్కిస్తా.