లోడ్లు పెరిగాయి, మరి లారీలు ఎందుకు అమ్ముకుంటున్నారు?

కేయూ క్రాస్‌రోడ్ (చర్చ మొదలుపెట్టింది):

మా పక్కింటి బాబాయి పోయిన ఆదివారం లారీ అమ్మేశాడు. ఇరవై రెండేళ్లు సొంత బండి నడిపిన మనిషి. కొన్నాయన స్టార్ట్ చేస్తుంటే "ఒక్క నిమిషం ఆగు" అని పోయి, బంపర్‌కి కట్టిన నిమ్మకాయ మిరపకాయల దండ విప్పుకొచ్చి తన స్కూటర్ హ్యాండిల్‌కి కట్టుకున్నాడు.

నాకు బోధపడనిది ఏంటంటే, ఇప్పుడు అమ్మడం ఏంటి? మన వరంగల్ పక్కన గీసుకొండ, సంగెం వైపు టెక్స్‌టైల్ పార్కుకి 2017లో శంకుస్థాపన అయింది. పసిపిల్లల బట్టలు కుట్టే కేరళ కైటెక్స్ వచ్చింది, కొరియా వాళ్ల యంగ్‌వన్ వచ్చింది. మంచిర్యాల–వరంగల్ కొత్త హైవేకి, కరీంనగర్ రోడ్డు నాలుగు వరుసలు చేయడానికి, కాజీపేటలో వ్యాగన్ల ఫ్యాక్టరీకి 2023 జులైలో ఒకే రోజు శంకుస్థాపన చేశారు. ఫ్యాక్టరీ పెడితే దూది రావాలి, బట్ట పోవాలి. చైనా 2001 డిసెంబరులో ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీఓ)లో చేరాక అదే జరిగింది కదా. ప్రపంచానికి సరుకు చేసి పెట్టే దేశంలో బండి తోలేవాడికి పని లేకపోవడం ఉంటుందా? నా వాదన ఇది: గ్లోబలైజేషన్ రవాణా పనులు పెంచుతుంది. బాబాయి లాంటివాళ్లు నష్టపోయారంటే కారణం అప్పో డీజిలో అయి ఉంటుంది. తప్పయితే దిద్దండి.

పద్నాలుగు టైర్లు:

తమ్మీ, మీ బాబాయి అమ్మిండు, నేను ఇంక అమ్మలే. కిస్తీలు అయిపోలే గనుక.

లోడ్లు పెరిగినయ్, అబద్ధం కాదు. లోడు పెరిగితే బండ్లు పెరగాలె, బండ్లు పెరిగితే మనుషులు పెరగాలె అనుకుంటానవ్ సూడు, అక్కడ్నే లెక్క తప్పింది. 1998ల నేను క్లీనర్‌గ ఎక్కిన బండి ఆరు టైర్లది. పది టన్నులు ఏస్తే మూలిగేది. ఇప్పుడు నా బండి పద్నాలుగు టైర్లు, అప్పటి మూడు బండ్ల సరుకు ఒక్కటే గుంజుతది. మూడు బండ్లంటే ముగ్గురు డ్రైవర్లు, ముగ్గురు క్లీనర్లు. ఇప్పుడు ఆరుగురి జాగల నేనొక్కన్నే. 2018 జులైల యాక్సిల్ లోడు, అంటే ఇరుసు మీద ఎయ్యనిచ్చే బరువు, 20, 25 శాతం పెంచిండ్రని సంబురపడ్డం. టన్ను మీద కిరాయి తగ్గి మొత్తానికి మొత్తం అక్కడికే అచ్చింది.

ఇగ రేటు సంగతి. అప్పుడు అడ్డా మీద సీరియల్ ఉండేది. పేరు రాపిస్తే వంతు అచ్చినంక లోడు. తక్కువకు పోతనంటే అసోసియేషనోళ్లు ఊకోకపోయేది. ఇప్పుడు లోడు ఫోన్ల యాప్‌ల పడ్తది. నేను 34 వేలు అంటే, నాగ్‌పూర్‌కు ఖాళీగ వాపస్ పోయెటోడు 27 అంటడు. వాని తప్పు కాదు, డీజిల్ పైసలు ఎల్తే సాలనుకుంటడు. వానికి అది రిటర్న్ లోడు, నాకు అదే బువ్వ.

2024ల ఒక ఓడరేవు గేటు బయట మూడు పగళ్లు రెండు రాత్రులు నిలవెట్టిండ్రు. ఎర్ర సముద్రంల గొడవని ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి అస్తానయట, ఓడ లేటట. కంటైనర్ ఆగితే దినానికి ఇంత అని లెక్కగట్టి వసూలు చేసుకుంటరు. నా బండి ఆగినందుకు ఎవ్వడు రూపాయి ఇయ్యలే. ఫోన్ చార్జింగ్ పెట్టుకున్నందుకు సుత హోటలోడు పది రూపాయలు గుంజిండు.

లెక్కల మాస్టారు:

టైర్ల అన్న చెప్పిందే చైనాలోనూ జరిగింది. అందుకే క్రాస్‌రోడ్ గారు ఎత్తుకున్న ఉదాహరణ ఆయన వాదనకే అడ్డం పడుతుంది.

చైనాలో సరుకుతో పాటు లారీ డ్రైవర్లూ బాగా పెరిగారు, అంతవరకు ఒప్పుకోవాలి. అక్కడా ఎక్కువమంది సొంత బండి వాళ్లే, అప్పు చేసి కొన్నవాళ్లే. 2017లో అక్కడి రెండు పెద్ద లోడ్ యాప్‌లు, యున్‌మాన్‌మాన్, హువోచెబాంగ్, ఒక్కటయ్యాయి. మరుసటి ఏడాది 2018 జూన్‌లో చాలా రాష్ట్రాల్లో డ్రైవర్లు బండ్లు రోడ్డు పక్కన ఆపేశారు. వాళ్లు చెప్పిన కారణాలు చూడండి: డీజిల్ ధర, దారి పొడుగునా జరిమానాలు, యాప్‌లో ఒకరి మీద ఒకరు పోటీపడి పడిపోయిన కిరాయి. ములుగు రోడ్డు అడ్డాలో కూర్చుని రాసినట్టు లేదూ?

ఓడరేవు వేరే కథ. 1956 ఏప్రిల్ 26న అమెరికాలో ఐడియల్ ఎక్స్ అనే ఓడ 58 కంటైనర్ పెట్టెలతో బయలుదేరింది. కంటైనర్ రవాణా అక్కడి నుంచే ఊపందుకుంది. బస్తా బస్తా భుజాన మోసిన కూలీల పని ఆ పెట్టెతోనే పోయింది. 2010 నుంచి కంటైనర్లలో ప్రపంచంలోనే మొదటి స్థానంలో ఉన్న షాంఘై ఓడరేవులో, 2017 డిసెంబరులో తెరిచిన యాంగ్‌షాన్ టెర్మినల్ నాలుగో దశ చూస్తే క్రేన్ల మీద మనిషి కనపడడు. పనివాళ్లు దూరంగా గదిలో తెరల ముందు కూర్చుంటారు. ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ పెట్టెలు దిగే చోట, పెట్టెకి పట్టే మనుషులు తగ్గుతున్నారన్నమాట.

మన దగ్గర జీఎస్టీ వచ్చాక అమ్మకపు పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు కదా. మహారాష్ట్ర సరిహద్దులో భోరజ్ దగ్గర గంటల కొద్దీ నిలబడే బాధ చాలావరకు తప్పింది. డ్రైవర్‌కి అది మంచిదే. కానీ నెలకు ఆరు ట్రిప్పులు వేసే బండి ఎనిమిది వేస్తే, అదే సరుకుకి తక్కువ బండ్లు చాలు. ఇది ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

కేయూ క్రాస్‌రోడ్:

మాస్టారూ, మీరిద్దరూ చెప్పింది పెద్ద బండి, యాప్, క్రేను. అది టెక్నాలజీ. విదేశీ వ్యాపారం లేకపోయినా ఇవన్నీ వచ్చేవే. తప్పు ఒకదానిది, శిక్ష ఇంకోదానికి వేస్తున్నారు.

గంగాధర గుట్ట:

శిక్ష మాట నన్ను చెప్పనియ్యండి. నేను కరీంనగర్ దిక్కు గ్రానైట్ క్వారీల లోడింగ్ సూపర్‌వైజర్‌ను. మా టాన్ బ్రౌన్ రాయి చానమట్టుకు ముడి రాయిగనే చైనా పోతది. గుట్ట మీద వైర్‌తోని కోస్తరు, క్రేన్‌తోని ఎత్తి లారీ మీద పెడ్తరు. ఒక్కో రాయి ఇరవై టన్నులు, ఒక్కోసారి ముప్పై. కింద మొద్దు చెక్కలు ఏసి, గొలుసులు గుంజి, రాయి మీద ఎర్ర రంగుతో నంబరు, కొలతలు రాస్తం. గొలుసు బిగిసిందా లేదా అని మా డ్రైవర్లు కాలుతోని తంతరు. ఠంగుమంటే సరే, చప్పగ అంటే మళ్ల బిగించాలె. అక్కడ్నించి గంగాధర స్టేషన్, గూడ్స్ ఎక్కి కాకినాడ, కాకినాడ నుంచి ఓడ.

2021 తర్వాత చైనాల ఇండ్లు కట్టే పెద్ద కంపెనీలు దివాలా తీసుడు మొదలైంది. మా గుట్ట మీద యాప్ రాలే, పెద్ద మిషిన్ రాలే, సీరియల్ పోలే. రాయి అట్లనే ఉన్నది, బండి అట్లనే ఉన్నది. ఆర్డర్ ఆగింది. మా క్వారీల పదకొండు బండ్లు తిరిగే జాగల నాలుగు తిరిగినయ్. క్రాస్‌రోడ్ తమ్మీ, దీన్ని టెక్నాలజీ అంటవా?

ఇంకోటి. రాయిని ఇక్కడ్నే కోసి పాలిష్ పట్టి పంపితే బరువు తగ్గుద్ది, అంటే లారీ లోడ్లు తగ్గుతయ్. కానీ పాలిష్ పట్టెటోళ్లు, ప్యాకింగోళ్లు, కంటైనర్ తోలెటోళ్లు పెరుగుతరు. రవాణా పని ఒక్కటే సూసుకుంటే ముడి రాయే లాభం. ఊరు లెక్క సూసుకుంటే కాదు. డ్రైవర్లతోని ఈ మాటంటే కొట్టడానికి అస్తరు.

ఎనుమాముల గుమాస్తా:

అందరూ ఏడుపే రాస్తున్నారు, నేను కాస్త ఎదురు చెప్తా. ముప్పై ఏండ్లుగా వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి (కమీషన్ వ్యాపారి) దగ్గర పద్దులు రాస్తున్న. తేజ రకం మిర్చికి చైనా, థాయ్‌లాండ్ గిరాకీ తగిలినంక ఇక్కడ ఏం మారిందో కళ్లారా చూసిన. ఇదివరకు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సందడి, ఆ తర్వాత హమాలీలు చెట్టు కింద పులిజూదం. ఇప్పుడు చుట్టూ కోల్డ్ స్టోరేజీలు. ధర వచ్చినప్పుడు తీస్తరు కాబట్టి శ్రావణంలో కూడా మిర్చి లోడు ఎత్తుతరు. బయటి దేశం కొనకపోతే ఈ ఎండాకాలం పని ఏడాది పనయ్యేదా? బస్తా మీద కొక్కెం వేస్తే ఘాటు లేచి కండ్లు మండేది అప్పుడూ మండేది, ఇప్పుడూ మండుతది, అది వేరే మాట.

పత్తి దగ్గరికొస్తే మాత్రం నా నోరు మూతపడ్తది. మన బేళ్లు తమిళనాడు మిల్లులకు పోతయ్. 2025 ఆగస్టులో పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం తీసేసిండ్రు, డిసెంబరు 31 దాకా. సరిగ్గా మన దగ్గర పత్తి ఏరే కాలమది. బయటి బేలు ఓడరేవులో దిగి పక్కనే ఉన్న మిల్లుకు పోతే, వరంగల్ నుంచి పోవాల్సిన లారీకి వందల కిలోమీటర్ల పని మాయం. అదే ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. అంటే అప్పుడు దూది బయట నుంచి సుంకం లేకుండా దిగొచ్చు, బట్ట బయటికి పోవుడు కష్టమైంది. రెండు దిక్కులా దెబ్బ.

నిర్వాహకులు:

యాప్‌ల పేర్లు, ట్రాన్స్‌పోర్టు కంపెనీల పేర్లు పెట్టి తిట్టిన మూడు వ్యాఖ్యలు తీసేశాం. సంగతి రాయండి, పేర్లు వద్దు.

దమ్మామ్ ట్రైలర్:

నాది జగిత్యాల దిక్కు కథలాపూర్. సౌదీల ట్రైలర్ నడుపుతాన, తొమ్మిదేండ్లు అయితాంది. మాస్టారూ, నన్ను ఏ పద్దుల రాస్తరు? పని పోయినోళ్లలనా, దొరికినోళ్లలనా? ఊర్ల లారీ మీద ఉంటే నెల తిరిగేసరికి చేతుల ఏం మిగలకపోయేది. ఇక్కడికి అచ్చి ఇల్లు కట్టిన, చెల్లె పెండ్లి చేసిన. గ్లోబలైజేషన్ లేకపోతే నాకు ఈ స్టీరింగ్ ఎక్కడిది?

కానీ టైర్ల అన్నకు నాగ్‌పూర్ బండి ఎట్లనో, నాకు కొత్తగ అచ్చే నేపాల్, బంగ్లాదేశ్ పిల్లలు గట్లనే. నేను అడిగిన జీతంల సగానికి చేస్తమంటరు. తొమ్మిదేండ్ల కింద ఇక్కడ కేరళాయన ఉండేటోడు. ఆయన జీతంల సగానికి అచ్చింది నేనే.

లెక్కల మాస్టారు:

దమ్మామ్ తమ్ముడూ, నిన్ను రెండు పద్దుల్లోనూ రాయాలి. చర్చ మొత్తంలో నీ మాటే నన్ను కాసేపు ఆపింది.

2024 అక్టోబరులో అమెరికా తూర్పు తీరం ఓడరేవుల కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు. ఆరేళ్లలో 62 శాతం జీతం పెంచే ఒప్పందం సాధించారు, మనుషుల్ని తీసేసే యంత్రాల మీద కూడా కొట్లాడారు. వాళ్లు ఉన్నది గేటు దగ్గర. గేటు మూస్తే ఓడ ఆగుతుంది. టైర్ల అన్న ఉన్నది అదే గేటు బయట. ఆయన బండి ఆపితే వెనక ఇంకో బండి ఉంది. సరుకు ఎంత పెరిగిందన్నది నాకు రెండో ప్రశ్న. ఆపగలిగే చోట ఎవరు నిలబడ్డారన్నది మొదటిది.

కేయూ క్రాస్‌రోడ్:

గ్రానైట్ అన్న దెబ్బకి నా "టెక్నాలజీ" వాదన సగం పోయింది, ఒప్పుకుంటున్నా. మిర్చి గుమాస్తా గారి వల్ల మిగతా సగం నిలబడింది. ఈ రోజు బాబాయినే అడిగాను, ఎందుకు అమ్మావని. లోడు లేక కాదన్నాడు. "రాత్రిపూట ఒక్కణ్నే తోలుడు నాతోని కాదు. పక్కన మాట్లాడే పోరడు ఉంటే ఇంకో ఐదేండ్లు తోలేటోణ్ని" అన్నాడు.

పద్నాలుగు టైర్లు:

ఇదీ అసలు మాట. అందరూ డ్రైవర్లు దొరుకుతలేరు అంటరు. కిరాయి పడిపోయినంక అందరికంటే ముందు దించేసింది క్లీనర్‌నే. డ్రైవింగ్ మాకు ఎవరు నేర్పిండ్రు? క్లీనర్ సీటే మా బడి. టైర్ల గాలి సూసుడు, రివర్స్‌కు చెయ్యి సూపుడు, చాయ్ తెచ్చుడు, డ్రైవర్ కునుకు తీస్తాంటే తొడ మీద గిచ్చుడు. నాలుగేండ్లు గట్ల తిరిగినంక స్టీరింగ్ దొరికేది. బడి మూసేసి పంతుళ్లు దొరుకుతలేరంటే ఎట్ల?

గందుకే నేను ఒకటి అనుకున్న. కిరాయి పెరిగేదాక సూడ. మిర్చి సీజన్‌కు ఒక పోరడు కావాలె. 18 నిండి ఉండాలె. దినానికి 400 బత్తా, తిండి నాది, నేర్పుడు నాది.

దమ్మామ్ ట్రైలర్:

అన్నా, మా అక్క కొడుకు ఉన్నడు. ఇరవై ఏండ్లు, బుద్ధిమంతుడు. ముందే చెప్తాన, హెవీ లైసెన్స్ చేతికి అచ్చిన తెల్లారే నా దగ్గరికి వీసా అడుగుతడు.

పద్నాలుగు టైర్లు:

అడగనియ్. అప్పటిదాక నాలుగేండ్లు ఉంటడు గదా. సోమవారం పంపు, ఎనుమాముల గేటు కాడ ఉంట.