టమ్మీ టక్ తర్వాత వేసుకున్న నీలం టేపు కింద బొబ్బలు: ఉంచాలా, తీసేయాలా?

అడిగినవారు: రెండు సిజేరియన్ల తర్వాత పొట్ట చర్మం వేలాడిపోయి టమ్మీ టక్ (అదనపు చర్మం కోసి పొట్ట బిగించే ఆపరేషన్) చేయించుకున్నాను. ఇవాళ 16వ రోజు. బొడ్డుకీ కుట్టుకీ మధ్య చిన్న దిండు పెట్టినట్టు వాపు. ఫిజియో మేడం మొదటిసారి కైనీసియాలజీ టేపు (వాపు తగ్గడానికి చర్మానికి అంటించే, సాగే నీలం టేపు) వేస్తే హాయిగా ఉంది. రెండోసారి ఖర్చెందుకని మా ఆయన చేత వేయించుకున్నా. బాగా పట్టాలని గట్టిగా లాగి వేశారు. పొద్దున చూస్తే చివర్లలో నీటి బొబ్బలు!

ఫిజియోథెరపిస్టు: ఇప్పుడే తీసేయండమ్మా, కానీ పీకొద్దు. టేపు మీద కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగండి (బొబ్బ చిట్లిన చోట, కుట్టు దగ్గర నూనె వద్దు). ఒక చేత్తో చర్మం నొక్కిపట్టి, వెంట్రుకలు వాలిన వైపుగా టేపుని మడుస్తూ తీయండి. బొబ్బలు చిదమకుండా సర్జన్‌కి ఫోటో పంపండి. అవి మానేదాకా అక్కడ మళ్లీ టేపు వేయొద్దు.

మీ ఆయన కట్టు కట్టినట్టు కట్టారు, చిక్కంతా అక్కడే. నొక్కే పని పొట్టకి కట్టే బెల్టుది. టేపు చర్మాన్ని కాస్త పైకి లేపి, కింద నీరు కదిలే చోటు ఇవ్వాలని దాని వెనకున్న ఆలోచన. తయారీలో వెనక కాగితానికి అంటించేటప్పుడే దాన్ని కొంచెం సాగదీసి అంటిస్తారు. వాపుకి ఆ సాగు చాలు. చివర్లనైతే అస్సలు లాగకూడదు.

ఎటు వేశారన్నది కూడా ముఖ్యం. బొడ్డు కిందివైపు లింఫ్ (కణాల మధ్య నుంచి చేరే నీరు) మామూలుగా గజ్జల్లోని గ్రంథులకి దిగుతుంది. టమ్మీ టక్ కోత ఆ దారికి అడ్డంగా పడుతుంది, అందుకే వాపు కుట్టుకి పైన ఆగుతుంది. కాబట్టి ఆ నీటిని చంకలోని గ్రంథుల వైపు మళ్లించాలని, టేపు మొదలుని చంక వైపు పక్కటెముకల మీద ఉంచి, నాలుగైదు పాయలుగా కత్తిరించిన తోకల్ని పొట్ట మీదికి విసనకర్రలా పరుస్తాం. కుట్టు మీద, డ్రెయిన్ (నీరు బయటికి తీసే గొట్టం) రంధ్రం మీద వేయం.

ఇంకొకరు: నాకు లైపో (కొవ్వు పీల్చి తీసే ఆపరేషన్) తర్వాత వేశారు. తీశాక చూస్తే పాయల కింద కమిలినది పసుపుకి తిరిగింది, మధ్యలో ఇంకా ఊదారంగే. అచ్చం జీబ్రానే! అక్కా, కుట్టు మీద వేసే తెల్ల కాగితం టేపు ఇదేనా?

ఫిజియోథెరపిస్టు: కాదు, అది మైక్రోపోర్. సాగదు. కుట్టు పూర్తిగా మూసుకున్నాక, మచ్చ లావెక్కకుండా వారాల తరబడి వేస్తారు. ఎప్పుడు మొదలుపెట్టాలో సర్జన్ చెప్పాలి.

ఉన్నమాట చెప్పాలంటే, నీలం టేపు మీద జరిగిన పరిశోధనలు చిన్నవే. బెల్టూ నడకా మానేసి దాన్ని నమ్ముకుంటే లాభం లేదు. ఇంకోమాట, పొట్ట మీద తడితే నీళ్ల సంచిలా అలలాడుతోందా? అలాగైతే సెరోమా (చర్మం కింద నీరు చేరి నిలవడం) కావచ్చు. ఒక కాలి పిక్కే వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా మాత్రం ఇక్కడ అడుగుతూ కూర్చోవద్దు, తిన్నగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

అడిగినవారు: మీరన్నట్టే అలలాడిందండీ. సర్జన్ గారు సూదితో 60 మి.లీ. తీశారు, వారం తర్వాత మళ్లీ రమ్మన్నారు. బొబ్బలు ఎండుతున్నాయి. మిగిలిన టేపు చుట్ట మా ఆయనకి దొరక్కుండా దాచేశాను.