అరవై దాటినోళ్లకు ఆరోగ్యం సంగతి తెలియదా, తెలిసీ వినరా?

బెంగళూరు_అబ్బి (సొంతూరు అనంతపురం):
మా నాయనకు 68. షుగరు వచ్చి ఆరేళ్లయింది. రాగి సంగటి తింటే షుగరు పెరగదని వాట్సాప్‌లో ఏదో వీడియో చూసి, రాత్రిపూట రెండు పెద్ద ముద్దలు లాగిస్తున్నాడు. నడవమంటే "నలభై ఏళ్లు చేన్లో నడిచింది చాల్లే" అంటాడు. పోయిన ఆదివారం నేను ఊరికి పోతే హోటల్లో ఉగ్గాని, బజ్జీ తింటూ దొరికాడు. మన పెద్దోళ్లకు అవగాహన లేదని నేనంటాను. మీరేమంటారు?

సంగటిముద్ద (కర్నూలు, వయసు 71):
అవగాహన లేనిది నీకు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా క్యాల్షియం ఉంటుంది. బియ్యంలో దాంట్లో పదో వంతు కూడా ఉండదు. ఎముకలు గుల్లబారే వయసులో మీ నాయన తింటున్నది సరైన తిండే.

బెంగళూరు_అబ్బి:
పెద్దాయనా, నేనడిగింది షుగరు గురించి. రాగిపిండిలోనూ మూడింట రెండొంతులు పిండిపదార్థమే. పైగా సంగటిలో సగం బియ్యం నూకలు.

సంగటిముద్ద:
సగమా? ఎవరు చెప్పారు నీకు? మా ఇంట్లో పిడికెడు వేస్తాం, అంతే.

పొద్దుటూరోడు:
మా దిక్కు సగానికి సగం.

రామగిరి:
ఉగ్గాని జోలికి మాత్రం రావద్దు.

ఫిజియో_కడప:
నూకల లెక్క పక్కన పెట్టండి. 65 దాటినవాళ్లు వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త చురుగ్గా నడవాలనీ, మూడు రోజులైనా కండబలానికి, పడిపోకుండా నిలదొక్కుకోవడానికి వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఎప్పుడో చేన్లో నడిచింది బ్యాంకులో వేసిన డబ్బు కాదు, ఇప్పుడు తీసి వాడుకోవడానికి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవగలరా, చూడండి. ఇంకోటి, వయసు పెరిగేకొద్దీ దాహం సరిగా తెలియదు. మన ఎండలకు అడిగినప్పుడే నీళ్లిస్తే చాలదు.

సంగటిముద్ద:
కుర్చీలోంచి బాగానే లేస్తాను. నడిచేదెక్కడ? మా వీధిలో కాలవ మీద బండ లేచిపోతే కాలు జారి పోయినేడాది మణికట్టు విరిగింది. నా కొడుకు ఫోన్లో అన్నమాట, "చూసుకుని నడవాలి కదా". ఎట్లుందని అడగలా.

కడప_కోడలు:
నాదీ ఒక మాట. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే, అంటే చెంచా లోపే ఉండాలని మా మామ టీవీలో చూసి ఇంటికొచ్చినోళ్లందరికీ చెబుతాడు. కూరలో తగ్గిస్తే నాకు వంట రాదంటాడు. పక్కన ఊరుబిండి, ఊరగాయ. బీపీ పెరిగితే డాక్టరు ముందు తిట్లు తినేది నేను. అవగాహన ఆయనది, పొయ్యి నాది.

సంగటిముద్ద:
పళ్లు పోయి, నాలుక మొద్దుబారిన మనిషికి మిగిలింది ఆ ఊరగాయే కదమ్మా.

కడప_కోడలు:
అయితే డాక్టరు దగ్గరికి మీరే తీసుకుపోండి పెద్దాయనా.

బెంగళూరు_అబ్బి:
ఈ మొండితనం వల్లే కదా ఆస్పత్రి బిల్లులు మేం కట్టేది!

సంగటిముద్ద:
అట్లా చెప్పు. ఆరోగ్యం కాదు నీ టెన్షన్, బిల్లు. నెలకోసారి వస్తారు, పోలీసుల మాదిరి డబ్బాలు తీసి చూస్తారు, పోతారు. మీ నాయన హోటలుకు పోయింది బజ్జీ కోసమేనా? అక్కడ మాట్లాడే మనిషి ఉంటాడు. మీ ఇంట్లో ఎవరుండారు? మీ అమ్మ ఏమంటాది?

బెంగళూరు_అబ్బి:
అమ్మ పోయి రెండేళ్లయింది.

ఫిజియో_కడప:
మరి సంగటి కెలికేదెవరు?

బెంగళూరు_అబ్బి:
ఆయనే. రెండు ముద్దలెందుకని అరిచానే గానీ, ఎసరు ఎంత పెడుతున్నాడో చూడలేదు. అమ్మ ఉన్నప్పటి కొలతే అయ్యుంటుంది. మిగిలింది పారేసే మనిషి కాదు.

సంగటిముద్ద:
ఆ హోటలుకు నడిచే పోతాడా, బండి మీదా?

బెంగళూరు_అబ్బి:
నడిచే. రానూపోనూ రెండు కిలోమీటర్లుంటుంది.

ఫిజియో_కడప:
అయితే అది ఆపొద్దు. బజ్జీ ఒక్కటి చాలని చెప్పండి. రాత్రికి ఒక ముద్ద, పక్కన ఆకుకూర పప్పు. షుగరు మాత్రల సంగతి డాక్టరుతో మాట్లాడండి.

కడప_కోడలు:
ఆ పప్పు ఎవరు చేస్తారో కూడా రాయండి.

పొద్దుటూరోడు:
నూకలు సగమే. కావాలంటే మా ఇంటికొచ్చి చూడండి.