బడి మాన్పించిన పాపకు డ్రాయింగ్ క్లాసు పెట్టించాలా, వద్దా?

కాగితం_పడవ (విజయవాడ):

మా పాపకు ఎనిమిదేళ్ళు. రెండేళ్ళ కిందట బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నాం. పొద్దున లెక్కలు, తెలుగు అయ్యాక మిగతా టైమంతా తనదే. అందులో ఎక్కువ బొమ్మలకే పోతుంది. నాలుగు నెలల కిందటి వరకు తను బస్సు గీస్తే నాలుగు చక్రాలూ ఒకే వైపు ఉండేవి. లోపల డ్రైవరు, టికెట్లు కొట్టే కండక్టరు, ఒక ముసలామె, ఆమె ఒళ్ళో కోడి, కోడి కాళ్ళకు కట్టిన తాడు. ఆ తాడుకు ముడి కూడా వేసింది.

తర్వాత వీధి చివర డ్రాయింగ్ క్లాసులో చేర్పించాం. వారానికి రెండు రోజులు. ఇప్పుడు తెల్ల కాగితం ఇస్తే రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, ఒడ్డున గుడిసె, పక్కన కొబ్బరి చెట్టు. ఇంకో కాగితం ఇచ్చినా అదే. పోయిన వారం బస్సు గీయమంటే "నాకు రాదమ్మా, సార్ ఇంకా చెప్పలేదు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నేను మాన్పిద్దామంటున్నాను. మా వారు ఒప్పుకోవడం లేదు. "బడి మాన్పించింది మనం. అక్కడ దొరికేది ఇంట్లో దొరక్కపోతే తప్పు మనదే. గురువు లేకుండా సంగీతం వస్తుందా? బొమ్మలూ అంతే" అంటారు. ఆ మాటలో న్యాయం లేదని నేననలేను. ఇంట్లో చదివిస్తున్న వాళ్ళు చెప్పండి. నేర్పించాలా? వాళ్ళ మానాన వాళ్ళను వదిలేయాలా?

పాత_నల్లబల్ల (రాజమండ్రి):

అమ్మా, నేను ఇరవై ఎనిమిదేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాను. ఆ రెండు కొండల బొమ్మ అంటే నాకూ పడదు. అంతమాత్రాన నేర్పడమే తప్పంటే మాత్రం ఒప్పుకోను.

ముగ్గు సంగతి చూడండి. మా అమ్మ మా చెల్లెలికి నేర్పుతుంటే పక్కన కూర్చుని చూసేవాణ్ణి. పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జార్చాలి. వేళ్ళు బిగిస్తే గీత సన్నబడుతుంది, వదులు చేస్తే లావవుతుంది. ముందు మధ్య వరసలో ఏడు చుక్కలు, అటూ ఇటూ ఒక్కొక్కటి తగ్గించుకుంటూ ఒకటి దాకా. మెలిక ఎక్కడా తెగకుండా తిరిగి, మొదలుపెట్టిన చోటికే వచ్చి కలవాలి. తప్పితే తుడిపించి మళ్ళీ వేయించేది. రెండేళ్ళపాటు చెల్లెలు అమ్మ ముగ్గులే వేసింది. మూడో ఏడు సంక్రాంతికి వాకిట్లో వేసిన మెలికల ముగ్గు అమ్మకు కూడా తెలియదు. చూసి వేయడం దాటకుండా సొంతంగా వేయడం దగ్గరకు ఎవరొస్తారు?

మా ఊరి చిత్రకారుడు దామెర్ల రామారావు గారు 1897లో పుట్టి 1925లోనే పోయారు. ఆయన చేతిలో కళ చిన్నప్పటి నుంచే ఉంది. ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆ కళను గుర్తుపట్టి, చేరదీసి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చేరేలా ప్రోత్సహించారు. అలా పట్టించుకున్న పెద్దవాడు ఒకడు ఉండటం చిన్న విషయం కాదు. మీ పాపకు దొరికిన క్లాసు మంచిది కాదు, అంతే. క్లాసు మార్చండి.

పెకాన్_చెట్టు (డాలస్):

మాస్టారూ, మీ చెల్లెలి ముగ్గుకు ఎవరూ మార్కులు వేయలేదు కదా. నా భయమంతా అక్కడే ఉంది.

మేమూ ఇద్దరు పిల్లలను ఇంట్లోనే చదివిస్తున్నాం. టెక్సాస్‌లో ఇంటి చదువుకు రీడింగ్, స్పెల్లింగ్, గ్రామర్, లెక్కలు, మంచి పౌరుడి బాధ్యతలు తప్పనిసరి. బొమ్మలు ఆ లిస్టులో లేవు. ఎవరూ అడగరు కాబట్టి మేమే పట్టించుకోవాలని టెన్షన్ పెట్టుకుని, బాబు బొమ్మ వేసినప్పుడల్లా స్టిక్కర్ ఇవ్వడం మొదలుపెట్టాం. పది స్టిక్కర్లకు ఐస్‌క్రీం. రెండు నెలల్లో వాడు ఒక గీత గీసి "ఇది చాలా?" అని అడిగే దాకా వచ్చింది.

తర్వాత తెలిసింది, 1973లోనే లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అని ముగ్గురు సైకాలజిస్టులు దీన్ని పరీక్షించి చూశారట. స్టాన్‌ఫోర్డ్‌లోని ఒక నర్సరీ బడి పిల్లల్లో బొమ్మలంటే ఇష్టమున్న వాళ్ళను తీసుకుని, కొందరికి "బొమ్మ వేస్తే బహుమతి ఇస్తాం" అని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొన్ని రోజుల తర్వాత బహుమతుల ఊసు లేకుండా మార్కర్లు ముందు పెడితే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతా వాళ్ళలో సగం సేపే వేశారు. చెప్పకుండా ఇచ్చిన వాళ్ళకు ఆ ఇష్టం తగ్గలేదు.

స్టిక్కర్లు తీసేశాను. వాడు మళ్ళీ కుదురుగా బొమ్మల దగ్గర కూర్చోవడానికి నాలుగు నెలలు పట్టింది. అక్కా, క్లాసు మాన్పించండి. కనీసం పోటీలకు మాత్రం పంపకండి.

అంకుడు_కర్ర (అనకాపల్లి):

క్లాసా, స్వేచ్ఛా అని కొట్టుకుంటున్నారు గానీ పిల్లల చేతికి వస్తువు ఏం ఇస్తున్నారో ఎవరూ చెప్పలేదు. ఆన్‌లైన్‌లో తెప్పించే క్రాఫ్ట్ కిట్లలో అన్నీ ముందే కత్తిరించి ఉంటాయి. పిల్లలకు మిగిలేది జిగురు రాయడమే.

మా పిల్లలిద్దరినీ ఏటికొప్పాక తీసుకెళ్ళాను. వరాహ నది ఒడ్డున లక్క బొమ్మలు చేసే ఊరు, మాకు దగ్గరే. అక్కడ అంకుడు కర్రను లేతుకు బిగించి తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. పొయ్యి లేదు, మంట లేదు. ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆ తర్వాత మొగలి ఆకుతో అదిమి పడితే నునుపూ మెరుపూ వస్తాయి. మా చిన్నాడు "ఆకుతోనా?" అని ఆ ఆకును వాసన చూశాడు, నాలుకకు పెట్టుకోబోయాడు. ఇంటికొచ్చి వారం రోజులు పెరట్లో ఉన్న ప్రతి ఆకుతోనూ కొబ్బరి చిప్ప రుద్దాడు. నేనేమీ నేర్పలేదు. ఆ పనివాడు కూడా నేర్పలేదు, తన పని తను చేసుకున్నాడు. పిల్లలకు కావలసింది పని తెలిసిన చేతులను దగ్గర నుంచి చూడటం. మిగతాది వాళ్ళే చూసుకుంటారు.

రెండో_ఆలోచన (వరంగల్):

ఒక్క మాట. ఓపెన్ స్కూల్ (ఎన్‌ఐఓఎస్) పదో తరగతిలో పెయింటింగ్ కూడా ఒక సబ్జెక్టు, ప్రాక్టికల్‌తో సహా. పాప పెద్దయ్యాక కావాలంటే తీసుకోవచ్చు. ఎనిమిదేళ్ళకే క్లాసు మాన్పిస్తే వెనకబడుతుందని భయపడాల్సిన పని లేదు.

కాగితం_పడవ (విజయవాడ):

అందరికీ థాంక్స్. అన్నీ మా వారికి చదివి వినిపించాను. క్లాసుకు ఒక నెల సెలవు పెట్టించాం. ఈ నెలలో జరిగింది చెప్తాను.

ఏటికొప్పాక మాట విన్నాక, మాకు తెలిసిన శ్రీకాళహస్తి కలంకారీ ఆయనను అడిగి నల్ల సిరా చేసే పద్ధతి తెలుసుకున్నాను. తుప్పు పట్టిన మేకులు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి, గుడ్డ కట్టి, ఇరవై రోజులు పెరట్లో పెట్టాం. పాప రోజూ మూత తీసి ముక్కు మూసుకునేది. కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నూలు గుడ్డ ముంచి ఆరబెట్టాం. పాలలో కొవ్వు ఉండటం వల్ల సిరా పాకదట. వెదురు పుల్ల చెక్కి, పైన గుడ్డ పీలిక చుట్టి, దారంతో కట్టి కలం చేశాం.

కుండలో ఉన్నది పల్చటి గోధుమరంగు నీళ్ళు. పాప ముఖం చిన్నబోయింది. "ఇది నల్లగా లేదు కదమ్మా" అంది. కలం ముంచి గుడ్డ మీద గీత లాగింది. కరక్కాయ తగిలిన చోట ఆ గీత మా కళ్ళముందే నల్లబడింది. పాప కలం పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. తర్వాత రెండు గంటలు లేవలేదు. గుడ్డ మీద గీసింది బస్సే. కోడి మళ్ళీ ఎక్కింది.

ఇప్పుడు నాకు అర్థమైంది చెప్తాను. ఆ సిరా సంగతి ఎవరో ఒకరు చెప్పకపోతే తనంతట తానుగా ఏ జన్మకూ కనిపెట్టలేదు. మా వారు చెప్పింది, మాస్టారు చెప్పింది అక్కడ నిజం. పిండి ఎలా జార్చాలో, కలం ఎలా కట్టాలో నేర్పాల్సిందే. కానీ ఆ కలంతో ఏం గీయాలో చెప్పే హక్కు నాకు గానీ ఏ సార్‌కు గానీ లేదు. ఆ క్లాసులో జరిగింది దీనికి సరిగ్గా తలకిందులు. పెన్సిలు ఎలా పట్టుకోవాలో కూడా చెప్పలేదు, కొండలు మాత్రం గీయించారు. కాబట్టి అక్కడికి ఇక పంపను.

పాత_నల్లబల్ల (రాజమండ్రి):

ఒప్పుకుంటానమ్మా, సగం. ఒకరోజు ఆ పాపే "ఆవు సరిగా రావడం లేదు" అని వస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? "నీకు నచ్చినట్టు గీయి" అంటే అది స్వేచ్ఛ అవదు, పిల్లను ఒంటరిగా వదిలేయడమే అవుతుంది.

కాగితం_పడవ (విజయవాడ):

మాస్టారూ, మీరన్న రోజు నిన్ననే వచ్చింది, అది కూడా ఆవుతోనే. వెనక కాలు మోకాలి దగ్గర వెనక్కి ఎందుకు వంగుతుందని అడిగింది. మనిషి కాలులాగా గీస్తే ఆవులా లేదంటోంది. నాకూ తెలియలేదు. ఏం చెప్పమంటారు?

పాత_నల్లబల్ల (రాజమండ్రి):

అది మోకాలు కాదమ్మా, మడమ. ఆవు మడమ నేలకు ఆనదు, అంత పైన ఉంటుంది. అసలు మోకాలు పొట్ట పక్కన, తొడ కింద, తోలు మాటున దాగి ఉంటుంది. ముందు పాపను మునివేళ్ళ మీద నిలబెట్టి తన మడమ ఎక్కడికి లేచిందో చూసుకోమనండి. తర్వాత సాధువైన ఆవు దగ్గరకు తీసుకెళ్ళండి. ఆవు మనిషిని పక్కనే ఉండమని, ఆ రెండు కీళ్ళూ ఎక్కడున్నాయో పక్క నుంచి చూపించమనండి. ఆ రోజు కాగితం వెంట తీసుకెళ్ళకండి.