చర్చ: టెనెక్టెప్లేస్ ఇచ్చే ముందు అయోర్టా చీలిక లేదని తేల్చుకోవాలా?

ఏరియా ఆసుపత్రి డాక్టర్:
ఛాతీ నొప్పి, ఈసీజీలో ఎస్టీ ఎలివేషన్ (గుండెపోటును సూచించేలా గీత పైకి లేవడం). మా దగ్గర టెనెక్టెప్లేస్ ఉంది, సీటీ లేదు. అది గుండెపోటు కాక అయోర్టా డిసెక్షన్, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద ధమని గోడ చీలిక అయితే, గడ్డ కరిగించే ఆ మందే ప్రాణం తీస్తుంది. అనుమానం తీరేదాకా ఇంజెక్షన్ ఆపి, పెద్దాసుపత్రికి పంపడమే మేలని నా వాదన.

కార్డియాలజీ పీజీ:
ఒప్పుకోను సార్. ఎస్టీ ఎలివేషన్‌తో వచ్చేవాళ్లలో డిసెక్షన్ చాలా అరుదు. గుండెపోటని తేలాక 10 నిమిషాల్లో మందు పడాలని యూరప్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అందరినీ సీటీకి పంపితే దారిలోనే గుండె కండరం చచ్చిపోతుంది. దానికి ఎవరు జవాబు చెప్పాలి?

ఎమర్జెన్సీ డాక్టర్:
ఇద్దరూ సీటీ దగ్గరే ఆగిపోయారు. ముందు నొప్పి ఎలా మొదలైందో అడగండి. గుండెపోటు నొప్పి చాలాసార్లు మెల్లగా పెరుగుతుంది. డిసెక్షన్ నొప్పి ఉన్నట్టుండి భరించలేనంతగా వస్తుంది, చాలామందికి వీపులోనూ ఉంటుంది. రెండు చేతులకూ బీపీ చూడండి. తేడా 20 దాటినా, ఒక చేతి నాడి అందకపోయినా, నొప్పితో పాటు కాలూ చేయీ పడిపోయినా ఆగండి. చీలిక కుడి కరోనరీ (గుండె కండరానికి రక్తమిచ్చే ధమని) మొదలును మూసేస్తే ఇన్ఫీరియర్ లీడ్స్‌లోనే, అంటే గుండె కింది భాగాన్ని చూపే ఈసీజీ గీతల్లోనే ఎస్టీ లేస్తుంది, అక్కడ మరింత జాగ్రత్త. ఇదంతా కొద్ది నిమిషాల పని. ఏదీ కనిపించకపోతే ఇంజెక్షన్ ఇచ్చేయండి.

ఏరియా ఆసుపత్రి డాక్టర్:
మరి డి-డైమర్ రక్తపరీక్ష?

ఎమర్జెన్సీ డాక్టర్:
ఎస్టీ లేచిన పేషెంట్‌కి దానికోసం ఆగొద్దు. మిగతా ఛాతీ నొప్పుల్లో, డిసెక్షన్ రిస్క్ స్కోరు 0 లేదా 1 ఉన్నప్పుడే 500 (ng/mL) లోపు రిపోర్టును నమ్మి డిసెక్షన్ లేదనుకోవాలి. అనుమానం గట్టిగా ఉంటే నేరుగా సీటీ యాంజియోనే.

డిసెక్షన్ అనుకుని పంపేటప్పుడు ఆస్పిరిన్, హెపారిన్ వద్దు. బీపీ పడిపోయి లేకపోతే నొప్పి తగ్గించి, గుండె వేగం తగ్గించే ఎస్మొలాల్ గానీ లాబెటలాల్ గానీ మొదలుపెట్టి గుండె వేగం 60కి, పై బీపీ 100–120కి తేవాలి. రక్తనాళాలను వెడల్పు చేసే నైట్రోగ్లిజరిన్ వీటికంటే ముందు పెడితే గుండె వేగం పెరిగి చీలిక ఇంకా పాకుతుంది. టైప్ ఏ (గుండె నుంచి పైకి వెళ్లే అయోర్టా భాగంలో చీలిక) అయితే మొదటి రెండు రోజుల్లో గంట గంటకీ మరణాలు పెరుగుతాయి, అందుకే గుండె సర్జన్ ఉన్నచోటికే పంపండి.

కార్డియాలజీ పీజీ:
ఈ పద్ధతికి ఒప్పుకుంటాను మేడమ్. కానీ బీపీ తేడా లేని డిసెక్షన్లూ చాలానే ఉంటాయి. అవి తప్పిపోతే ఆ నింద డ్యూటీ డాక్టర్ మీద వేయకూడదు.