అప్‌డేట్: పాడేరు కాఫీలో పులిసిన వాసన

విజయవాడ గవర్నరుపేటలో నాది చిన్న కాఫీ గింజల దుకాణం. పాడేరు వైపు చిన్న రైతుల దగ్గర నేరుగా కొన్న అరబికా రకం కాఫీ పులిసిన వాసన వేస్తోందని, ఏం చేయాలని కిందటి వేసవిలో అడిగాను. "ధర పెంచి ఎర్ర పండ్లే కొనండి" అన్నారు చాలామంది. అది సగమే నిజమని తేలింది.

జనవరి కోతలప్పుడు అక్కడ నాలుగు రోజులున్నాను. పండ్లు ఎర్రగానే ఉన్నాయి. రాత్రి బస్తాలో చేయి పెడితే లోపల వెచ్చగా తగిలింది. పండు తొక్క తీసే యంత్రం (పల్పర్) ఊరంతటికీ ఒకటే, వంతు మర్నాడు గానీ రాదు; ఈలోగా పండ్లు బస్తాలోనే పులుస్తున్నాయి. తప్పు రైతులదనుకున్నందుకు సిగ్గేసింది. ఇంకో చేతి పల్పర్ కొనిచ్చాను.

ధర సంగతి ఒక పెద్దాయన తేల్చారు: "పండినవే ఏరాలంటే అదే చెట్టు దగ్గరికి మూడు నాలుగు సార్లు వెళ్లాలి బాబూ, ఆ కూలి ఎవరిస్తారు?" కిలో పండ్లకు 8 రూపాయలు అదనంగా, తూకం వేసిన రోజే ఇచ్చాను.

నేల మీద కాకుండా వల పరిచిన మంచెల మీద, తేమ 11 శాతానికి దిగేదాకా ఎండబెట్టారు. ఈసారి కప్పులో బెల్లం లాంటి తీపి ఉంది. రెండు బస్తాలు మాత్రం మళ్లీ పులిశాయి. వాటిని చికోరీ కలిపి అమ్మే కాఫీ పొడిలో వాడేశాను.