రాంచ్ డ్రెస్సింగ్ శాకాహారమేనా?

గోంగూర_డల్లాస్: ఊరి నుంచి అమ్మ వచ్చింది. గుడ్డు ముట్టదు. ఆరు వారాలుగా పిజ్జాలో రాంచ్ అనే తెల్లటి సాస్ నంజుకుంటూ "మన పెరుగు పచ్చడిలా కమ్మగా ఉందే" అంటోంది. నిన్న సీసా వెనక చూస్తే ఎగ్ యోక్ అని ఉంది! మజ్జిగ, వెల్లుల్లి, సోయాకూర (డిల్ ఆకు) వేసేదాంట్లో గుడ్డెందుకు?

సీమమిరప: రాంచ్ అంటేనే మజ్జిగ, మయోనైజ్. మయోనైజ్ అంటే గుడ్డు సొన, నూనె. గుడ్డు తీసేస్తే అది రాంచ్ కాదు.

మజ్జిగచారు: ఒప్పుకోను. దీన్ని తయారుచేసింది అలాస్కాలో ప్లంబింగ్ పనిచేసిన స్టీవ్ హెన్సన్. 1954లో కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర ఒక రాంచ్ (అతిథులు బస చేసే పల్లె విడిది) కొని, హిడెన్ వ్యాలీ రాంచ్ అని పేరు పెట్టి, వచ్చిన అతిథులకు దీన్ని వడ్డించాడు. జనం అడిగితే పోస్టులో పంపింది పొడి పొట్లాలు. మజ్జిగ, మయోనైజ్ ఎవరింట్లో వాళ్లు కలుపుకునేవారు. రుచంతా ఆ వెల్లుల్లి, ఉల్లి, ఆకుల పొడిదే. నేను గుడ్డు లేని మయోనైజ్‌తోనే కలుపుతాను.

సీమమిరప: మయోనైజ్ కలిపేవారని మీరే అన్నారుగా. ఇంకేం?



మజ్జిగచారు: ఏ మయోనైజ్ అన్నది మన చేతిలో ఉండేది. 1972లో క్లోరాక్స్ అనే కంపెనీ ఆ బ్రాండ్ కొంది. 1983లో ఫ్రిజ్ బయట నిలవుండే రెడీమేడ్ సీసా వచ్చింది. గుడ్డు ఫ్యాక్టరీలోనే కలిసిపోయింది.

సీమమిరప: సీసా మీద ఎగ్ అని రాసే ఉంటుంది, చదవాలి. కొత్త కోడలిగా వెళ్లినప్పుడు, గుడ్డు తింటానని మా అత్తగారు నా కంచం వేరుగా కడిగించారు. అప్పటి నుంచి ఈ గుడ్డు గోల వింటే ఒళ్లు మండుతుంది.

గోంగూర_డల్లాస్: మీకు జరిగింది తప్పే. మా అమ్మ అలా కాదండీ, పిల్లలు ఆమ్లెట్ తింటుంటే పక్కనే కూర్చుంటుంది. అసలు సంగతి చెప్తాను. మా ఆయనకు ముందే తెలుసట. "చెబితే ఏమీ తినదు, టెన్షన్ ఎందుకు" అని ఊరుకున్నాడట.

సీమమిరప: మంచికే కదా. ఇప్పుడూ చెప్పకండి.

మజ్జిగచారు: ఎంత మాట! ఆవిడ నోట్లోకి ఏం వెళ్లాలో వేరేవాళ్లు తేల్చేస్తారా? మీ కంచం విషయంలో మీ అత్తగారు చేసిందీ అదే కదా?

గోంగూర_డల్లాస్: రాత్రి చెప్పేశాను. కాసేపు మాట్లాడలేదు. "తెలిసే పెట్టావా?" అంది. లేదన్నాను. "అల్లుడికి?" అంది. నాకు నోరు రాలేదు. మజ్జిగచారు గారూ, మీ కొలతలు పెట్టండి.

మజ్జిగచారు: అర కప్పు గుడ్డు లేని మయోనైజ్, అర కప్పు చిలికిన చిక్కటి పెరుగు. మన పల్చటి మజ్జిగ పోస్తే నీళ్లైపోతుంది. వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, మిరియాలు, ఉప్పు, సన్నగా తరిగిన సోయాకూర. గంటసేపు ఫ్రిజ్‌లో ఉంచండి. అమ్మగారి ఎదురుగానే కలపండి.